పెళ్లికాని గౌను

ఆ వేసవంతా నాకు కోపమే. మామూలుగానే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇంట్లో అంటారు. ఆ వేసవిలో అది ముక్కు దిగి ఒళ్లంతా పాకింది. పొద్దున్న లేస్తే కోపం, కౌంటర్లో కూర్చుంటే కోపం, అన్నం ముందు కోపం. అక్క పెళ్లి కుదిరిన ఏడాది అది. నవ్వుకుంటూ తిరగాల్సిన ఇల్లు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో యంత్రాలు, మేడ మీద మేము. అమ్మ మరకలు తీస్తుంది. నాన్న ఆవిరి ఇస్త్రీ చేస్తాడు, వ్యాను నడుపుతాడు, మధ్యమధ్యలో జోకులు వేస్తాడు. తెగిన కుట్లు, రాలిన పూసలు, ఊడిన హుక్కులు అక్క చూసుకుంటుంది. వచ్చిన ప్రతి బట్టకీ ట్యాగు వెయ్యడం, వచ్చినవాళ్లతో పోట్లాడటం నా పని. పోట్లాట నా పని కాదని అమ్మ అంటుంది గానీ, ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

మా పనిలో సగం ఒక్క చోటి నుంచే వచ్చేది. పెద్ద వీధిలో పెళ్లి గౌన్ల సెలూన్. సెలూన్ అంటే నాన్నకి గడ్డం గీసే చోటే. "అక్కడ క్షవరం అయ్యేది మాత్రం మనకే" అని ఎన్నిసార్లు అన్నాడో. పెళ్లికూతుళ్లు వేసుకుని చూసుకోడానికి అక్కడ బోలెడు గౌన్లు పెడతారు. ఒక్కో గౌను ఎంతమంది ఒంటి మీదికి ఎక్కి దిగుతుందో లెక్క లేదు. మెడ దగ్గర పౌడరు, ముందువైపు లిప్‌స్టిక్, చంకల్లో చెమట, అంచుకి నేల మీది దుమ్ము. అవన్నీ మూట కట్టి వారం వారం మాకు పంపేవాళ్లు. మేం శుభ్రం చేసి, వెనక గేటులోంచి లోపలికిచ్చి, ఆ గేటులోంచే బయటపడేవాళ్లం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఆ షాపు ముందు గదిలో సోఫాలు ఏ రంగువో మాలో ఒక్కరికీ తెలియదు.

గౌన్లకి మేం పేర్లు పెట్టుకున్నాం. బారెడు తోక ఉన్నది మహారాణి. మెడ పొడుగ్గా ఉన్నది కొంగ. నడుము చుట్టూ పూసలు దట్టంగా కుట్టింది ఒకటుంది. అందరూ వేసుకుని చూస్తారు, ఒక్కరూ తమకి అలాంటిది కావాలని అనరు. దాని పేరు పెళ్లికాని పిల్ల. మూటలో అది కనపడగానే అక్క, "వచ్చావా తల్లీ, ఈసారి కూడా కుదరలేదా?" అని పలకరించేది.

పెళ్లి కుదిరిన మర్నాడు అక్క తన మాట చెప్పింది. చెప్పేటప్పుడు చేతిలో ఎవరిదో గౌను, నోట్లో సూది.

"గౌను కోసం నేనూ అక్కడికే వెళ్తాను. ముందు తలుపులోంచి."

"అక్కడెందుకే? వేరే షాపులు లేవా?" అంది అమ్మ.

అక్క సూది తీసి బట్టకి గుచ్చింది. "ఇన్నేళ్లూ ఎవరెవరో వేసుకున్నవి కుట్టాను. ఒక్కసారి నేను సోఫాలో కూర్చుంటే, నాకోసం ఒకళ్లు తెచ్చి చూపించాలి. అంతే, ఇంకేం అడగను."

అక్క ఏదైనా అడగడం నేను అదే మొదటిసారి వినడం. డబ్బు తనే దాచుకుంది, ఆ బెంగ ఎవరికీ లేదు. అమ్మ మాత్రం "మేడమ్ ఏమనుకుంటుందో" అంది. మేడమ్ అంటే ఆ సెలూన్ యజమానురాలు. మా ఇంట్లో ఆవిడ ఏమనుకుంటుందో అనే మాట అన్నం కంటే ఎక్కువసార్లు వినిపించేది.

అక్క మా షాపు ఫోన్ నుంచే వాళ్లకి చేసింది. పక్కనే ఉన్నాను కాబట్టి అవతలి మాటా నాకు వినపడింది.

"శనివారం అపాయింట్‌మెంట్ కావాలండీ" అంది అక్క, గొంతు సవరించుకుని.

"లాండ్రీ వాళ్లేనా? నంబర్ చూశాను. మూట శనివారం తెస్తారా?"

"మూట కాదండీ, పెళ్లికూతురు..."

"ఏ పెళ్లికూతురి గౌనండీ? ఎప్పుడు ఇచ్చారు?"

అక్క "నాకేనండీ" అనబోయింది. అవతలి పిల్ల తొందరలో ఉన్నట్టుంది. "సరే, పొద్దున్నే తెచ్చెయ్యండి. వెనక గేటు తీసి ఉంచమంటాను" అని పెట్టేసింది.

అక్క నవ్వేసింది. "పోనీలే, ఆ అమ్మాయి తప్పేముంది, మన నంబర్ చూస్తే అలాగే అనుకుంటారు" అంది. నాకు నవ్వు రాలేదు. ఫోన్ లాక్కుని మళ్లీ చేశాను.

"ఇందాక మాట్లాడింది పెళ్లికూతురు. గౌను తేవడానికి కాదు, వేసుకుని చూసుకోడానికి వస్తోంది. ముందు తలుపులోంచి. రాసుకోండి."

అవతల చప్పుడు లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే చప్పుడు ఉండదు కదా. కాసేపటికి, "మీ షాపులో అమ్మాయా అండీ?" అంది.

"మా అక్క."

"అయ్యో, సారీ. వచ్చే నెల మొదటి శనివారం పొద్దున్న రండి. ముగ్గురికి మించి రావద్దు. పౌడరు, లిప్‌స్టిక్ వేసుకోవద్దండీ, గౌన్లకి అంటుకుంటే పోవు."

"పోతాయో పోవో మాకా చెప్తున్నారు?" అని ఫోన్ పెట్టేశాను. అమ్మ నా నెత్తి మీద మొట్టింది.

ఇక ఆ రోజు నుంచి అక్క తయారీ మొదలైంది. మడమ ఎత్తు చెప్పులు కొనుక్కొచ్చి, వేలాడే బట్టల వరసల మధ్య నడక నేర్చుకుంది. గోడకి ఒకసారి, యంత్రానికి ఒకసారి, నాన్నకి రెండుసార్లు గుద్దుకుంది. "పెళ్లికొడుకు లిఫ్టులు బాగుచేసేవాడు కాబట్టి సరిపోయింది. ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటావు, వాడే వచ్చి తీస్తాడు" అన్నాడు నాన్న. ఆవిరి తగిలి అక్క చేతుల మీద ఎప్పుడూ మచ్చలుండేవి. వాటికి క్రీము రాసుకుని, చేతి తొడుగులు వేసుకుని పనిచేసేది. ఆ ఉక్కలో, ఆ యంత్రాల వేడిలో, చేతి తొడుగులు! చెమట కారిపోతుంటే నేను తిట్టేదాన్ని. "ఎవరికి చూపించాలే ఈ చేతులు? వాళ్లకా? ఆ మచ్చలు వాళ్ల గౌన్ల వల్ల వచ్చినవే!" అక్క వినేది కాదు. లోపల వేసుకునే బట్టలు ఒంటి రంగులో ఉండాలని ఎవరో చెబితే అవీ కొంది. ఉతికింది. మడిచి ఒక పక్కన పెట్టుకుంది. నడుచుకుంటూ పాడుకునేది కూడా. అక్కకి పాట వచ్చని మాకు అప్పుడే తెలిసింది.

శనివారం ఇంకో వారం ఉందనగా మామూలు మూట వచ్చింది. నాన్న వ్యాన్లోంచి దించి బల్ల మీద పెట్టాడు. విప్పితే అన్నిటికంటే పైన, పల్చటి కాగితంలో చుట్టి, పెళ్లికాని పిల్ల.

"ఇదేంటి, మొన్ననే కదా ఉతికి ఇచ్చాం?" అన్నాను. తిప్పి చూస్తే ఎక్కడా మరక లేదు.

అంతలో ఫోన్ మోగింది. అమ్మ తీసి, వెంటనే లేచి నిలబడింది. మేడమ్ ఫోన్ చేస్తే అమ్మ కూర్చుని మాట్లాడదు. ఫోన్లో కనపడరు కదే అని నేను ఎన్నిసార్లు చెప్పినా, కాళ్లు వాటంతట అవే లేస్తాయంటుంది.

"అలాగే మేడమ్. ఎంత మాట మేడమ్. అయ్యో, మీది పెద్ద మనసు. అలాగే. అలాగే మేడమ్."

పెట్టేసి మా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "అక్కకి బహుమతి అంట! శనివారం షాపు కిటకిటలాడుతుందంట, ఆ జనంలో మనం ఇబ్బంది పడతామని తనే పంపింది. ఇంట్లోనే తీరిగ్గా వేసుకుని చూసుకోమంది. అంత దూరం రానక్కర్లేదంది."

"రానక్కర్లేదు అందా, రావద్దు అందా?" అన్నాను.

"రెండూ ఒకటే కదే."

"ఒకటి కాదు!" నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది. "మన మొహాలు అక్కడ సోఫాల్లో కనపడకూడదని ఇది మన మొహాన కొట్టింది. పక్కన కూర్చున్నవాళ్లు లాండ్రీ వాళ్లు ఇక్కడేంటి అనుకుంటారని. అమ్మా, ఇదెవరో తెలుసుగా నీకు? పెళ్లికాని పిల్ల! ఎవరికీ అక్కర్లేనిది అక్కకి ఇస్తారా? ఎంతమంది చెమట తాగిందే ఇది?"

"శుభ్రంగా ఉంది కదా."

"ఎందుకుండదు? ఉతికింది మనమేగా!"

నాన్న ఫక్కున నవ్వి, అమ్మ చూపు చూసి దగ్గులోకి మార్చాడు. అమ్మ నా మీదికి వచ్చింది. "నీకేం, నోరుంది. రేపు మూటలు ఆగిపోతే ఆ నోట్లోకి ముద్ద ఎక్కణ్నుంచి వస్తుంది? ఆవిడ ఇస్తానంటే వద్దనడానికి మనం ఎవరం? ఆ ఫోన్ పిల్లకి చెప్పు, శనివారం మేం రావడం లేదని."

"చెప్పను. కావాలంటే నువ్వే చెప్పుకో."

అమ్మ ఫోన్ వైపు చూసింది. చేతిలో పనుందంది.

ఈ గొడవలోనే అక్క లేచింది. బల్ల మీది గౌను తీసుకుని, పరదా వెనక్కి వెళ్లింది. అమ్మకి ఒక నియమం ఉంది, పరాయి బట్ట ఒంటికి ఆనించుకుని కూడా చూడకూడదని. చిన్నప్పుడు ఎవరిదో కోటు భుజాన వేసుకున్నందుకు నాకు దెబ్బలు పడ్డాయి. ఆ రోజు అమ్మే పరదా పట్టుకుని నిలబడింది.

అక్క బయటికి వచ్చింది. పైన వదులు, నడుము దగ్గర బిగువు. చంక కింద కుట్టు అక్క వేసిందే. ఊడిన పూసలు తిరిగి కుట్టిందీ తనే. తన చేతిపని తనే వేసుకుని, యంత్రాల మధ్య, తడి నేల మీద అంచు ఆనకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది.

"ఎలా ఉందే?" అంది అమ్మ ఆశగా.

"బాగుందమ్మా" అంది అక్క. చక్కగా నవ్వింది కూడా. "ఇదే వేసుకుంటాలే. మేడమ్ అంత ప్రేమగా పంపారు. అలాగే కానీ."

ఆ గొంతు అక్కది కాదు. నిలబడి ఫోన్ మాట్లాడే అమ్మది. మెత్తగా, తియ్యగా, ఎక్కడా ముల్లు తగలకుండా. నాకు తెలిసిందంటే అమ్మకి తెలియదా? అమ్మ చేతిలోంచి పరదా జారిపోయింది. నాన్న ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మ తన బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరిదో చొక్కా తీసి, మరక లేనిచోట రుద్దడం మొదలుపెట్టింది.

నేనూరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "నీకు సిగ్గు లేదా?" అన్నాను అక్కతో. "నెల రోజులు ఆ చెప్పులేసుకుని నువ్వు నడిచింది దీనికోసమా?"

"నాకోసం నువ్వు కోప్పడకు. అలిసిపోయాను" అంది అక్క, గౌను విప్పడానికి లోపలికి పోతూ.

ఆ వారం ఇంట్లో యంత్రాల మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. అక్క చేతి తొడుగులు తీసేసింది. చెప్పులు పెట్టెలోకి వెళ్లిపోయాయి. పాట సరేసరి. గౌను వరస చివర వేలాడుతూ ఉండేది, అటు వెళ్లినప్పుడల్లా నాకు చింపి పోగులు పెట్టాలనిపించేది. నాన్న జోకులు వేసినా ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనా మానేశాడు. బయట ఎండ, లోపల ఆవిరి, నలుగురికీ నాలుగు వైపులా మొహాలు.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ లేచి వెళ్లి ఆ గౌను దించింది. బల్ల మీద పరిచి, దీపం దగ్గరగా లాగి, మెడ దగ్గర వెతికింది. అక్క వేసుకున్నప్పుడు చేతి క్రీము అంటుకుందేమో, పూసల పక్కన చిన్న జిడ్డు మచ్చ. మందు వేసి, గుడ్డతో అద్ది, ఆరబెట్టింది. నాన్నని పిలిచి ఇస్త్రీ చెయ్యమంది. ఆయన చేశాక తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది.

"ట్యాగు వెయ్యి."

"ఎవరి పేరున?" అన్నాను.

"ఎప్పుడూ ఎవరి పేరున వేస్తావు?"

సెలూన్ పేరు రాసి ట్యాగు గుచ్చాను. అమ్మ నాన్న వైపు తిరిగింది. "రేపు మిగతా వాటితో పాటు ఇది కూడా ఇచ్చెయ్యండి."

"మేడమ్ అడిగితే ఏం చెప్పను?"

"ఉతికామని చెప్పండి." తర్వాత, మేడ మెట్ల వైపు తల తిప్పి, "ఆ చెప్పులు తుడుచుకోమను దాన్ని" అంది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. వానలు మొదలయ్యేసరికి ఆ సెలూన్ మూటలు పల్చబడ్డాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. వేరే ఎవరికో ఇస్తున్నారని తెలిసింది. ఒక్క మాట చెప్పలేదు, కారణం చెప్పలేదు. మా వ్యాను వెళ్తే ఈ వారం ఏమీ లేవన్నారు, పై వారం కూడా అదే. చాలా ఇబ్బంది పడ్డాం. ఇప్పుడు ఆసుపత్రి దుప్పట్లు, హోటల్ బల్లగుడ్డలు ఉతుకుతున్నాం. దుప్పట్లకి పేర్లు పెట్టలేం అని నాన్న బాధ. అమ్మ ఒక్కసారి కూడా, ఒక్కసారి కూడా, చూశావా నీ నోటి వల్ల అనలేదు. ఆ వీధిలోంచి వెళ్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఆ శనివారం పొద్దున్న వ్యాను నిండా గౌన్లు, వాటి మధ్య మేం ముగ్గురం. నాన్న వెనక గేటు దగ్గర గౌన్లు ఇచ్చేసి, వీధి చుట్టూ తిప్పి, వ్యాను తెచ్చి సెలూన్ ముందు ఆపాడు. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"లాండ్రీ బండి వెనక్కి పెట్టాలండీ."

"బండి వెనక్కే పెడతాలే. ముందు పెళ్లికూతుర్ని దిగనీ" అన్నాడు నాన్న.

సోఫాలు బూడిద రంగువి. అంత గొప్పగా ఏం లేవు. ఒకదాంట్లో వేరే కుటుంబం కూర్చుని ఉంది. ఫోన్ పిల్ల మమ్మల్ని చూసి, గబగబా లేచి, రెండో సోఫా చూపించింది. అక్క వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. అమ్మ మాత్రం సోఫా అంచు మీద, ఏ క్షణాన్నయినా లేవమంటారేమో అన్నట్టు. మా మాటలు వినపడి మేడమ్ లోపల్నుంచి వచ్చింది. నవ్వు సగంలో ఆగింది.

"ఏమ్మా, ఇటొచ్చారేంటి? గౌను పంపాను కదా, అందలేదా?"

నేను నోరు తెరిచాను. అక్క నా మోచెయ్యి గిల్లింది. అమ్మ లేచి నిలబడబోయింది, సగం లేచింది కూడా, మళ్లీ కూర్చుంది.

"అందింది మేడమ్. ఉతికి, ఇందాక వెనక ఇచ్చేశాం."

"అది మీకే ఇచ్చేశానమ్మా, అర్థం కాలేదా?"

"అర్థమైంది మేడమ్. మా అమ్మాయికి ఈ పూట టైమిచ్చారు, అందుకని వచ్చాం."

పక్క సోఫాలో వాళ్లు ఇటు చూస్తున్నారు. మేడమ్ వాళ్ల వంక చూసి, మా వంక చూసి, నవ్వు మిగతా సగం తెచ్చుకుంది. "సరే, కూర్చోండి" అంది, అప్పటికే కూర్చున్న మాతో. అక్కని లోపలికి తీసుకెళ్లింది.

అక్క బయటికి వచ్చేసరికి ఒంటి మీద చేతుల నిండా లేసు ఉన్న గౌను. మేం ఎప్పుడూ ఉతకనిది. అద్దం ముందు చిన్న దిమ్మ మీద నిలబడి, అద్దంలోంచి మమ్మల్ని చూసింది. ఆ లేసు మెడ దాకా వచ్చింది. అక్క నవ్వుతోంది గానీ, ఆ రోజు పరదా దగ్గర నవ్విన నవ్వే అది.

"ఎంత చక్కగా ఉందో!" అంది మేడమ్. అమ్మ వైపు తిరిగింది. "కదమ్మా? ఇది ఖాయం చేసేద్దామా?"

ఫోన్లో ఇన్నేళ్లూ విన్న గొంతే. దానికి అమ్మ ఇచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. నాకు మళ్లీ ఒళ్లు మండడం మొదలైంది.

అమ్మ అక్కని మెడ నుంచి అంచు దాకా, అంచు నుంచి మొహం దాకా చూసింది. మొహం దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత సోఫాలో వెనక్కి జారి, వీపు ఆనించి కూర్చుంది.

"నాకు నచ్చలేదు. ఇంకోటి తెండి."

మేడమ్ చుట్టూ చూస్తే షాపు పిల్లలందరూ పక్క సోఫా వాళ్ల దగ్గర ఉన్నారు. ఇంకో గౌను తేవడానికి తనే లోపలికి వెళ్లింది.